తడోబాలో ముందు చెవులకు పని చెప్పండి

మార్చి ఆఖర్లో పిల్లలతో తడోబా (మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గరి పులుల అడవి) వెళ్తున్నాం, పులి గ్యారంటీగా కనబడుతుందా, ఏ గేటు మంచిది అని అడిగారు.

గ్యారంటీ ఇస్తానన్నవాడికి మాత్రం డబ్బులు కట్టకండి. మాది బల్లార్షా, నాన్న ఇక్కడి బొగ్గుబాయిలో పనిచేశారు. చంద్రపూర్ మీదుగా మొహర్లీ గేటుకు పోవడమంటే మాకు పక్కూరికి పోయినట్టే. ఇప్పటికి తొమ్మిదిసార్లు లోపలికి వెళ్తే పులి నాలుగుసార్లు కనబడింది. కాజీపేట లైనులో రైలు దిగి వస్తే మొహర్లీ దగ్గర, నాగపూర్ నుంచైతే కోలారా. గేటు సంగతి అంతే. నా అనుభవంలో అసలు తేడా బండి ఆపించడంలో ఉంది.

మొదట్లో నాకూ తెలియలేదు. ఒకసారి ఎదురొచ్చిన జిప్సీ (పైకప్పు లేని సఫారీ జీపు) వాళ్లు "చెరువు దగ్గర వాఘ్ (పులి)" అనగానే మా డ్రైవరు ఉరికించాడు. పోయి చూస్తే వరసగా బండ్లు, కళ్లనిండా దుమ్ము. పులి ఎప్పుడో వెళ్లిపోయింది.

తర్వాతసారి గైడుకు ముందే చెప్పాను, ఉరకొద్దు, నీళ్లున్న చోట ఇంజను ఆపి కూర్చుందామని. మొహర్లీ పక్క ఊరి కుర్రాడే, సంబరపడ్డాడు. అడవిలో ఎవరి మాట ఎంతవరకు నమ్మాలో అతనే చెప్పాడు. దుప్పి పిరికిది, రేచుకుక్కలను చూసినా కూత పెడుతుంది. చెట్టు కొసన కూర్చున్న కొండముచ్చు దగ్గినట్టు ఖంగుమంటే ఏదో కంటబడినట్టే. కణుజు (ఇక్కడ సాంబర్ అంటారు) మాత్రం ఊరికే నోరు విప్పదు. బూర ఊదినట్టు ఢాంక్ అంటుంది, తోక నిక్కబొడిచి ముందుకాలు నేలకేసి కొడుతుంది. అది మెడ ఎటు తిప్పిందో అటే చూడాలి.

ఆరోజు ఇరవై నిమిషాలు కూర్చున్నాం. మా బావమరిది "ఇంకెంతసేపు బావా" అని గొణుగుతూనే ఉన్నాడు. కణుజు రెండుసార్లు అరిచింది. వెదురుపొదల సందులోంచి చారల వీపు ఒకటి చప్పుడు లేకుండా సాగిపోయింది, అంతే. మొహం చూడలేదు కాబట్టి బావమరిది దాన్ని లెక్కలోకి రానివ్వడు. నా నాలుగింటిలో అదొకటి!

మీరు వెళ్లే కాలం మంచిదే. టేకు ఆకు రాలి అడవి లోపలిదాకా కనబడుతుంది, నీళ్లు కొన్నిచోట్లకే మిగులుతాయి. ఎండకు పులి తోకవైపు నుంచి వెనక్కి వెనక్కి నీళ్లలో దిగి కూర్చుంటుంది, పిల్లలకు భలే నచ్చుతుంది. ఇప్పపూలు రాలే రోజులు, తెల్లారి ట్రిప్పులో ఇప్పచెట్ల కిందా చూడమనండి, ఎలుగుబంటి తగలొచ్చు. తడోబా చెరువు ఒడ్డున మొసళ్లను, తారు దేవుడి గుడిని అడిగి చూడండి. పులితో పోరాడి చనిపోయిన గోండు పెద్ద అని చెప్పుకుంటారు, అడవికి ఆ పేరు ఆయన నుంచే వచ్చిందట.

మంగళవారం కోర్ (అడవి నడిమి భాగం) మూసేస్తారు. ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు, ఫొటోలు కావాలంటే కెమెరా ఉండాలి. బుకింగ్‌లో ఇచ్చిన ఐడీ కార్డే వెంట ఉంచుకోండి. తెల్లారి జిప్సీలో చలి కొడుతుంది, పిల్లలకు స్వెటర్లు వేయండి. ఒక్క మరాఠీ మాట నేర్చుకోండి, "థాంబా", అంటే ఆగండి. నేనైతే డ్రైవరుతో ఎక్కువగా వాడేది అదే.