ఉద్దానానికి తిరిగి వచ్చే చదువుకు ఎంత అప్పు చేయవచ్చు?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట. నా వయసు 34. బీఎస్సీ నర్సింగ్ చదివి ఒక డయాలసిస్ కేంద్రంలో స్టాఫ్ నర్సుగా పని చేస్తున్నాను. చేతికి నెలకు 27 వేలు వస్తుంది. మా వారు ప్రభుత్వ ఉపాధ్యాయులు. కోతలు పోను వారికి 58 వేలు వస్తుంది. పాప ఏడో తరగతి. మిషను చూసుకోవడం నేర్చుకున్నాను గానీ, ‘ఇంకెన్నాళ్లు సిస్టరమ్మా’ అని అడిగే రోగికి ఏం చెప్పాలో నాకెవరూ నేర్పలేదు. కెనడాలోని వాటర్లూలో మార్టిన్ లూథర్ యూనివర్సిటీ కాలేజీలో థియాలజీ (దైవశాస్త్రం) ఎంఏ ఉంది; అందులో స్పిరిచువల్ కేర్ (రోగికి ఆత్మిక ఊరట, ధైర్యం ఇచ్చే సేవ), సైకోథెరపీ (మాటలతో చేసే మానసిక చికిత్స) నేర్పుతారు. అది చదివి, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతానికే మళ్లీ రావాలని నా కోరిక. 8 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, కొంత బంగారం, మా మామగారి పేరున ఇల్లు ఉన్నాయి. ఇల్లు తాకట్టు పెట్టి 40 లక్షల విద్యా రుణం తీసుకోవచ్చా?

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను. ఉద్దానానికే తిరిగి రావాలన్న మీ నిర్ణయం మారనంత వరకు, ఈ చదువు కోసం ఇల్లు తాకట్టు పెట్టి 40 లక్షలు అప్పు చేయవద్దు. మీరు నేర్చుకోవాలనుకుంటున్న పని గొప్పదన్న విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల నుంచి వారం వారం డయాలసిస్ మంచం మీదకు వచ్చే మనిషికి మందుతో పాటు ధైర్యంగా పక్కన కూర్చునే తోడు కూడా కావాలి. కానీ ఆ డిగ్రీ సంపాదన ఇచ్చేది ఒంటారియోలో, మీరు బతకబోయేది సోంపేటలో. కిస్తీ కట్టవలసింది మీ వారి జీతంలోంచి.

లెక్క చూద్దాం. స్టడీ పర్మిట్ కోరే ఒంటరి విద్యార్థి ట్యూషన్ ఫీజు, ప్రయాణ ఖర్చు కాకుండా ఒక ఏడాది జీవన వ్యయానికి 22,895 డాలర్లు చూపాలని కెనడా ప్రభుత్వం 2025 సెప్టెంబరు 1 నుంచి నిర్ణయించింది. కెనడా డాలరు 65 రూపాయలు అనుకుంటే రెండేళ్లకు దాదాపు 29 లక్షల 76 వేలు. ట్యూషన్ రెండేళ్లకు 40 వేల డాలర్లు అనుకుంటే, ఇది లెక్క కోసం వేసుకున్న అంకె మాత్రమే, మరో 26 లక్షలు. టికెట్లు, వీసా కలిపితే మొత్తం 57 లక్షల దగ్గర ఆగుతుంది. చదువుకుంటూ పని చేస్తానని మీరు అనుకోవచ్చు. తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్ బయట వారానికి 24 గంటలకు మించి చేయడానికి వీల్లేదు, పైగా ఈ కోర్సులో క్లినికల్ ప్రాక్టికమ్ (రోగులతో పని చేస్తూ నేర్చుకునే భాగం) కూడా ఉంటుంది. కాబట్టి ఆ సంపాదనను లెక్కలోకి తీసుకోకండి.

40 లక్షల రుణం 10.5 శాతం వడ్డీకి నాలుగు సెమిస్టర్లలో సమానంగా విడుదలైందనుకోండి. చదువు రెండేళ్లు, ఆ తర్వాత ఆరు నెలల మారటోరియం (కిస్తీ కట్టనక్కర్లేని గడువు) ముగిసేసరికి సాధారణ వడ్డీయే 7 లక్షల 35 వేలు పెరిగి, అసలు 47 లక్షల 35 వేలు అవుతుంది. దాన్ని 15 ఏళ్లలో తీర్చాలంటే నెలకు 52 వేల పైచిలుకు. మీ వారికి వచ్చేది 58 వేలు. మీరు తిరిగి వచ్చి ఇప్పటి జీతానికే చేరినా, కిస్తీ పోగా ఇల్లంతటికీ 33 వేలు మిగులుతుంది. వచ్చే ఏడాది బయలుదేరితే పాప ఇంటర్‌లో చేరే వేళకే ఈ కిస్తీలు మొదలవుతాయి. ఆ పిల్ల చదువును పణంగా పెట్టే లెక్కకు నేను సరే అనలేను.

ఇక ఆ డిగ్రీ ఎక్కడ ఎలా చెల్లుతుందో చూడాలి. ఒంటారియోలో సైకోథెరపీ చట్టం 2007లో వచ్చింది, నియంత్రణ సంస్థ 2015 నుంచి పని చేస్తోంది. రిజిస్టర్డ్ సైకోథెరపిస్టుగా పూర్తి స్థాయి నమోదు కోసం 450 గంటలు నేరుగా క్లయింట్లతో పని చేసి, 100 గంటలు పర్యవేక్షణలో గడిపి, పరీక్ష కూడా నెగ్గాలి. అంటే డిగ్రీ చేతికి రాగానే పూర్తి సంపాదన మొదలు కాదు. ఆ పర్యవేక్షణకు చాలాసార్లు మనమే డబ్బు చెల్లించాలి. అక్కడే స్థిరపడాలనుకునే వారికి ఈ ఓపికకు తగిన ఫలితం ఉండవచ్చు. ఇక్కడ మాత్రం ఆ డిగ్రీతో నేరుగా క్లినికల్ సైకాలజిస్టు కాలేరు. దానికి భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ కావాలి. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్పిరిచువల్ కేర్ పేరుతో నియామకాలు నేను చూడలేదు. వేలూరు సీఎంసీ వంటి మిషన్ ఆసుపత్రుల్లో చాప్లిన్‌లు (రోగులకు ఆత్మిక ఊరట ఇచ్చే మత సేవకులు) ఉంటారు గానీ, ఆ జీతంతో 52 వేల కిస్తీ తీరదు.

సోంపేటకు, కెనడాకు పాత బంధం ఉంది. కెనడా బాప్టిస్టు మిషన్ వైద్యుడు బెన్ గలిసన్ ఆ ఊళ్లో చేసిన కంటి వైద్యమే 1963లో ఆపరేషన్ ఐసైట్ సంస్థ పుట్టడానికి కారణమైంది. మీ చర్చి సంఘం పెద్దల ద్వారా అక్కడి చర్చిల నుంచి సాయం దొరికే అవకాశం నిజంగానే ఉంటుంది, తప్పక అడగండి. అయితే సంవత్సరానికి ఎంత, ఎన్నేళ్లు అన్నది కాగితం మీద రానిదే ఆ సొమ్మును లెక్కలో వేయకండి. ట్యూషన్ మొత్తం స్కాలర్‌షిప్పే భరించి, జీవన వ్యయంలోనూ ఎక్కువ భాగం బయటి నుంచి వచ్చి, మీరు తీసుకునే రుణం 10 లక్షలు దాటకపోతే కిస్తీ 13 వేల దగ్గర ఉంటుంది. అప్పుడు నా జవాబు మారుతుంది, సంతోషంగా వెళ్లి రమ్మంటాను.

ఆ సాయం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవలసిన అవసరం లేదు. మీరు కోరుతున్న విద్య అసలు రోగి మంచం దగ్గరే, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో నేర్చుకునేది. 1925లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ మానసిక ఆసుపత్రిలో ఆంటన్ బోయిసన్ థియాలజీ విద్యార్థులను వార్డుల్లోకి తీసుకెళ్లడంతో ఆ పద్ధతి మొదలైంది. అలాంటి శిక్షణకు దగ్గరగా ఉన్నది మన దేశంలో కూడా దొరుకుతుంది. బీఎస్సీ నర్సింగ్ చదివిన మీకు బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో సైకియాట్రిక్ నర్సింగ్ ఎమ్మెస్సీ సరైన దారి అని నా అభిప్రాయం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 మెంటల్ హెల్త్ నర్సును పేరు పెట్టి గుర్తించింది కాబట్టి, ఆ చదువు మీ నర్సు రిజిస్ట్రేషన్‌కు బలం చేకూరుస్తుంది. హాస్టలు, భోజనం, ప్రయాణాలు నెలకు 20 వేలు వేసుకున్నా రెండేళ్లకు 4 లక్షల 80 వేలు. ఫీజులతో కలిపినా మీ 8 లక్షల డిపాజిట్‌లో ఇమిడిపోతుందని నా అంచనా. కౌన్సెలింగ్ శిక్షణ కోసం వేలూరులోని క్రిస్టియన్ కౌన్సెలింగ్ సెంటర్‌ను కూడా విచారించండి. దైవశాస్త్ర డిగ్రీలిచ్చే సేరంపూర్ సెనేట్ పరిధిలో పాస్టోరల్ కేర్ అండ్ కౌన్సెలింగ్‌లో ఎంటీహెచ్ (మాస్టర్ ఆఫ్ థియాలజీ) ఉన్నా, దానికి ముందు బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) డిగ్రీ చేయాలి. మీ వయసులో, పాపతో, అన్నేళ్లు కేటాయించమని నేను చెప్పను. దూరవిద్యలో సైకాలజీ చదువుదామంటే, 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి యూజీసీ ఆ దారిని మూసివేసింది. ఎవరైనా ఏజెంటు అలాంటి సీటు చూపితే డబ్బు కట్టకండి.

ఏ దారిలోనైనా రుణం తీసుకుంటే మీ వారి పేరున కూడా తీసుకోండి. భార్య ఉన్నత విద్యకు తీసుకున్న రుణం మీద వడ్డీని ఆదాయపు పన్ను చట్టం కింద (1961 చట్టంలో సెక్షన్ 80ఈ) ఎనిమిదేళ్ల వరకు ఆదాయంలో తగ్గించుకోవచ్చు, కానీ పాత పన్ను విధానంలో ఉంటేనే. విదేశానికి పంపే సొమ్ము బ్యాంకు విద్యా రుణం నుంచి వెళితే టీసీఎస్ (సొమ్ము పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) ఉండదు. సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటితే టీసీఎస్ పడుతుంది, రిటర్న్ దాఖలు చేసి దాన్ని పన్నులో సర్దుకోవాలి. రుణ మొత్తానికి తగ్గ టర్మ్ జీవిత బీమా పాలసీ మీ పేరున లేకుండా మామగారి చేత తాకట్టు కాగితాల మీద సంతకం పెట్టించవద్దు. వారు ఉంటున్న ఇల్లు అది. చదువు ఖర్చు పోను డిపాజిట్‌లో మిగిలే సొమ్మును విడిగా, ఎవరూ ముట్టని ఖాతాలో ఉంచండి. నిమ్హాన్స్ ప్రవేశ ప్రకటన వచ్చేలోపు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్, అనుభవ ధ్రువపత్రం తీసుకుని సిద్ధంగా పెట్టుకోండి; సెలవు గురించి మీ ఆసుపత్రిలో ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి.