సీసంలో ఏం కలిసిందో కనిపెట్టే ఆసక్తికి ఏ చదువు తగినది?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వేసవిలో టెక్సాస్‌లోని మేనమామ ఇంటికి వెళ్లి వచ్చాడు. మా బావమరిది షూటింగ్ సాధన కోసం పాత సీసాన్ని కరిగించి ఇంట్లోనే బుల్లెట్లు పోతపోసుకుంటారు. దొరికిన సీసం ముక్కలో ఏ లోహం ఎంత ఉందో తేల్చే పని మా వాడికి బాగా నచ్చింది. ఇక్కడ కూడా పాత సామాన్ల దుకాణం నుంచి సీసం తెచ్చి వంటగదిలో కరిగిస్తానంటున్నాడు, అదే చదువుతానంటున్నాడు. అలాంటి చదువు, ఉద్యోగం ఉన్నాయా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ముందుగా వంటగది సంగతి చెప్పాలి. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది కాబట్టి మామూలు పొయ్యి సరిపోతుంది. చిక్కంతా అక్కడే వస్తుంది. పైన తేలే తెట్టు పొడిగా మారి చేతులకు, గిన్నెలకు, గట్టుకు అంటుకుని ఇంట్లో వాళ్ల ఒంట్లోకి చేరుతుంది. సీసానికి ఇంతవరకు హాని లేదని చెప్పదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. పాత బ్యాటరీ ప్లేట్లలో ఆర్సెనిక్, ఆంటిమొనీ కూడా ఉండవచ్చు కనుక, వాటి తెట్టుకు తేమ తగిలినప్పుడు ప్రాణాంతకమైన వాయువులు వెలువడే ప్రమాదం ఉంది. పైగా అమెరికాలో అభిరుచిగా సాగే బుల్లెట్ల తయారీ మన దేశంలో లైసెన్సు లేకుండా చేస్తే 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరమవుతుంది. ఈ రెండు విషయాల్లో అబ్బాయితో బేరానికి దిగకండి.

అయితే మీ ఉత్తరం చదివితే, అతన్ని ఆకర్షించింది బుల్లెట్ కాదనీ, ముక్కలో ఏముందో తేల్చే తర్కమనీ నాకు అనిపిస్తోంది. మేనమామ చేసే పని పైకి కనిపించినంత సులువైనది కాదు. కారు చక్రాలకు తగిలించే బరువులు, పాత అచ్చుయంత్రాల సీసపు అక్షరాలు, టంకం ముక్కలు అన్నీ చూపుకు ఒకేలా ఉంటాయి. స్వచ్ఛమైన సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు. అందులో 12 శాతం ఆంటిమొనీ, 4 శాతం తగరం కలిపిన లైనోటైపు అచ్చులోహం సాంద్రత దాదాపు 10.3కు పడిపోతుంది. కానీ సుమారు 19 శాతం తగరం మాత్రమే కలిపిన సీసానికి లెక్క కట్టినా దాదాపు అదే సంఖ్య వస్తుంది. అంటే నీటిలో తూచి సాంద్రత కనుక్కున్నంత మాత్రాన జవాబు దొరకదు. అప్పుడు గట్టిదనం చూడాలి. బ్రినెల్ కొలమానంలో స్వచ్ఛమైన సీసం 5 దగ్గర ఉంటే, లైనోటైపు 22 దగ్గర ఉంటుంది, తగరం మాత్రమే కలిసినది వాటి మధ్య ఎక్కడో నిలుస్తుంది. మెత్తని 6బీ నుంచి గట్టి రకాల దాకా పెన్సిళ్లతో గీకి, ఏది మొదట లోహాన్ని చెక్కుతుందో చూసే పద్ధతి మీ అబ్బాయి అక్కడ చూసే ఉంటాడు. ఆంటిమొనీ కలిసిన సీసం పోతపోసిన తరువాత కొన్ని రోజుల పాటు గట్టిపడుతూ ఉంటుంది కాబట్టి, ఎప్పుడు గీకామన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది. ఒక పరీక్ష మిగిల్చిన సందేహాన్ని మరో పరీక్షతో తీర్చుకోవడమే ఈ వృత్తి.

దీనికి నేరుగా సరిపోయే చదువు మెటలర్జికల్ ఇంజినీరింగ్. జేఈఈ మెయిన్‌లో మంచి ర్యాంకు వస్తే వరంగల్ ఎన్‌ఐటీ ఉంది. ఈఏపీసెట్ ద్వారా ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కూడా ఈ శాఖ దొరుకుతుంది. కంప్యూటర్ సైన్స్ రాకపోతే తీసుకునే సీటుగా చాలామంది దీన్ని చూస్తారు. ఇష్టంతో చేరేవారు తక్కువ గనుక, అలా చేరినవారికి అధ్యాపకుల శ్రద్ధ ఎక్కువగా దక్కడం నేను గమనించాను. లోహం ప్రవర్తన కంటే కొలత మీదే మక్కువ ఉంటే, బీఎస్సీ కెమిస్ట్రీ చదివి విశ్లేషణ రసాయన శాస్త్రంలో ఎంఎస్సీ చేయవచ్చు. లోహంలో ఏ మూలకం ఎంత ఉందో చూపే ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్, స్పార్క్ స్పెక్ట్రోమీటర్ వంటి పరికరాలతో పనిచేసే వారు బ్యాటరీ కర్మాగారాలకు, సీసం శుద్ధి చేసే పరిశ్రమలకు, పరీక్షా ప్రయోగశాలలకు అవసరమవుతారు. హైదరాబాద్‌లో రక్షణ రంగపు లోహ పరిశోధనాలయం డీఎంఆర్‌ఎల్, మిశ్రలోహాలు తయారు చేసే మిధాని ఉన్నాయి.

ఫోరెన్సిక్ దారి కూడా ఉంది, కానీ అందులో ఒక హెచ్చరిక దాగి ఉంది. అమెరికా ఎఫ్‌బీఐ దశాబ్దాల పాటు నేరస్థలంలో దొరికిన బుల్లెట్ సీసాన్ని విశ్లేషించి, నిందితుడి వద్ద దొరికిన బుల్లెట్లతో పోల్చి కోర్టుల్లో సాక్ష్యం చెప్పింది. కొలతలు నమ్మదగినవే అయినా వాటి ఆధారంగా చెబుతున్న మాటలు అతిగా ఉన్నాయని 2004లో అక్కడి జాతీయ పరిశోధన మండలి తేల్చగా, 2005లో ఎఫ్‌బీఐ ఆ పరీక్షను మానేసింది. పరికరం ఇచ్చిన సంఖ్య ఎంతవరకు చెబుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలిసిన మనిషికే ఈ రంగంలో విలువ ఉంటుంది.

పరీక్షలు అయ్యాక అబ్బాయికి సీసం బదులు ఒక ఇత్తడి ముక్క ఇవ్వండి. గాలిలో, నీటిలో తూచి సాంద్రత కట్టమనండి. రాగికి 8.96, జింకుకు 7.14 అని తీసుకుని పాళ్లు లెక్కించమనండి. వచ్చే జవాబు అసలు పాళ్లతో సరిపోదు. ఎందుకు సరిపోలేదని అతను వారం రోజులు తల బద్దలు కొట్టుకుంటే, కౌన్సెలింగ్ ఆప్షన్లలో మెటలర్జీని నిస్సంకోచంగా పైన పెట్టవచ్చు.