రిమోట్ డెస్క్‌టాప్ బిగుసుకుపోతే ముందే రీస్టార్ట్ కొట్టకు అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు పెళ్ళివారింట్లో ఉన్నా, ఆ మైకు గోలలో సగమే వినపడింది, అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. రిమోట్ డెస్క్‌టాప్‌లో స్క్రీన్ కదలట్లేదని వీఎమ్‌ని, అదే మీ ఆఫీసు సర్వర్‌లో నడిచే వర్చువల్ మెషిన్‌ని, ఏకంగా రీస్టార్ట్ కొట్టేశానన్నావు చూడు, అక్కడ నా ప్రాణం ఉసూరుమంది. నీ లాప్‌టాప్‌లో కనిపించేది బొమ్మేరా, పని జరిగేది అవతల ఆ మెషిన్‌లో, బొమ్మ ఆగిందంటే పని ఆగిందని కాదు. సేవ్ చెయ్యనిదంతా రీస్టార్ట్‌తోనే పోయింది.

చేలోకి నీళ్ళు రాకపోతే తిన్నగా ధవళేశ్వరం పోయి గేట్లు చూస్తామా? ముందు మన బోదెలో గుర్రపుడెక్క అడ్డం పడిందేమో చూస్తాం. ఇదీ అంతే.

ముందు ఆ విండో మూసేసి మళ్ళీ కనెక్ట్ అవ్వు. ఇంటూ కొడితే లాగాఫ్ అవ్వదు, డిస్కనెక్ట్ అవుతుందంతే, మీ ఆఫీసు వాళ్ళు టైం లిమిట్ పెట్టకపోతే తెరిచిన ఫైళ్ళన్నీ అలాగే ఉంటాయి. కనెక్ట్ అయ్యాక బాగా నడిచి, మళ్ళీ కాసేపటికి బిగుసుకుంటోందంటే నా అనుమానం యూడీపీ మీదే, నెట్‌లో డేటా పంపే ఓ పద్ధతిలే అది. రిమోట్ డెస్క్‌టాప్ 3389 పోర్టులో టీసీపీ అనే ఇంకో పద్ధతితో పాటు యూడీపీ కూడా వాడుతుంది, మధ్యలో ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళే వీపీఎన్ ఉండి, అదీ మన ఊళ్ళో కరెంటు పోయి ఫోన్ హాట్‌స్పాట్ మీద నడుస్తుంటే, ఆ యూడీపీ దారి తెగినా పైకి తెలీదు, కనెక్షన్ ఉన్నట్టే ఉంటుంది బొమ్మ మాత్రం కదలదు. 2020లో ఇంటి నుంచి పని చేసినప్పుడు నన్ను ఇదే వారం రోజులు ఏడిపించింది, నేను అనవసరంగా సర్వర్ వైపే వెతుక్కుంటూ కూర్చున్నా.

నీ లాప్‌టాప్‌లో విండోస్ సెట్టింగులు మార్చే గ్రూప్ పాలసీ ఎడిటర్ తెరిచి, కంప్యూటర్ కాన్ఫిగరేషన్‌లో రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ క్లయింట్ కింద 'టర్న్ ఆఫ్ యూడీపీ ఆన్ క్లయింట్' అని ఉంటుంది, దాన్ని ఎనేబుల్ చేసి లాప్‌టాప్ ఓసారి రీస్టార్ట్ చెయ్యి, వీఎమ్‌ని కాదు సుమా. ఆఫీసు లాప్‌టాప్ కాబట్టి మీ ఐటీ వాళ్ళని అడిగే చెయ్యి. తర్వాత ఫుల్ స్క్రీన్‌లో పైన పట్టీ మీద సిగ్నల్ గుర్తు నొక్కితే యూడీపీ ఎనేబుల్ అయిందన్న మాట కనపడకూడదు.

మళ్ళీ కనెక్ట్ అయినా కదలకపోతే కంట్రోల్ ఆల్ట్ ఎండ్ కొట్టు, డిలీట్ కాదు, డిలీట్ కొడితే నీ లాప్‌టాప్‌కే తగులుతుంది. వచ్చిన మెనూలోంచి టాస్క్ మేనేజర్ తెరుచుకుంటే ఏ ప్రోగ్రాం మెమరీ మింగేస్తోందో చూసి అదొక్కటే ఆపు. అదీ రాకపోతే వీఎమ్‌లని నడిపే హైపర్‌వీ కన్సోల్‌లోంచి చూడమని అడ్మిన్‌కి చెప్పు, అక్కడ మామూలుగా ఉంటే తప్పు దారిలోదే, అక్కడా బిగుసుకుంటే డిస్కు నిండిందో మెమరీ చాల్లేదో వాళ్ళు చూస్తారు. రీస్టార్ట్ అప్పుడు, వాళ్ళ చేత్తో.

ఆదివారం అక్కని చూడ్డానికి ఎలాగూ వస్తున్నా, అప్పటికీ ఇదే గొడవైతే లాప్‌టాప్ తీసి ఉంచు, కూర్చుని చూద్దాం.

మీ మావయ్య