డాక్టర్ సలహా: ఇద్దరం కలిసే నడుస్తున్నాం, ఆమె తగ్గింది, నేను తగ్గలేదు

ప్రశ్న: నా వయసు 34 ఏళ్ళు, ఎత్తు 155 సెంటీమీటర్లు. మాది రాజమహేంద్రవరంలో ఉమ్మడి కుటుంబం. మా అమ్మకు షుగర్ ఉంది. నాలుగు నెలల క్రితం పరీక్ష చేయిస్తే నాకు గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. అప్పటి నుంచి నేనూ, 28 ఏళ్ళ మా తోడికోడలూ వారానికి ఐదు రోజులు తెల్లవారుజామున గోదావరి గట్టు మీద 40 నిమిషాలు నడుస్తున్నాం. ఇంటికి రాగానే బరువు చూసుకుని వంటింటి క్యాలెండర్ మీద రాసుకుంటాం. ఆమె ఎత్తు 160 సెంటీమీటర్లు; 59 కిలోల నుంచి 51కి వచ్చింది. నేను 76 నుంచి 74కి మాత్రమే వచ్చాను, కాకపోతే జాకెట్లు వదులయ్యాయి. ఇంట్లో అందరూ "చిన్నకోడలు ఎంత నాజూగ్గా తయారైందో చూడు" అంటుంటే నాకు అద్దం ముందు నిలబడాలని అనిపించడం లేదు. పోయిన నెలలో దగ్గరి బంధువుల పెళ్ళికి కూడా ఒంట్లో బాగాలేదని చెప్పి వెళ్ళలేదు. ఆమె రాత్రిళ్ళు గ్లాసుడు మజ్జిగతో సరిపెట్టుకుంటోంది. జుట్టు రాలుతోంది, రెండు నెలలుగా నెలసరి రాలేదు, అయినా ఇంకా పొట్ట ఉందని బాధపడుతోంది. మేము కలిసి నడవడం మానేయాలా? ఒకరికొకరం ఎలా సాయపడాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: నడక మానవద్దు. మానవలసింది క్యాలెండర్ మీద బరువులు రాయడం. మీ ప్రశ్నలో ఎక్కువ భాగం మీ గురించే ఉన్నా, ముందుగా మీ తోడికోడలి గురించి చెప్పాలి, ఎందుకంటే మీ ఇద్దరిలో వైద్యం తొందరగా అవసరమైనది ఇంట్లో అందరూ మెచ్చుకుంటున్న ఆమెకే.

మన దేశీయులకు బాడీ మాస్ ఇండెక్స్ (ఎత్తును బట్టి బరువును లెక్కగట్టే సూచిక) 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా లెక్కిస్తాం. నడక మొదలుపెట్టిన రోజున ఆమెది సరిగ్గా 23 దగ్గర ఉంది, అంటే ఆమె తగ్గవలసిన బరువు దాదాపు లేనట్టే. ఇప్పుడు అది 20కి దిగింది. ఈ అంకె చూసి అంతా బాగానే ఉందని ఎవరైనా అనవచ్చు. కానీ నెలసరి ఆగడం, జుట్టు రాలడం, రాత్రి భోజనం మానడం, ఇంత తగ్గాక కూడా పొట్ట ఉందని దిగులుపడడం, ఈ నాలుగూ ఒకేసారి కనిపించినప్పుడు బరువు మామూలు పరిధిలో ఉందన్న ధైర్యంతో ఊరుకోకూడదు. శరీరానికి అందే ఆహారం చేసే పనికి చాలనప్పుడు, మెదడులోని హైపోథాలమస్ అండాశయాలకు పంపే సంకేతాలను తగ్గించివేస్తుంది. గర్భం మోయడానికి ఇది తగిన సమయం కాదని ఒళ్ళు తనంతట తానే నిర్ణయించుకుంటుంది. దానితో ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్ తగ్గుతుంది, అది నెలల తరబడి తగ్గే ఉంటే ఎముకల బలం కూడా పోతుంది. బరువు వేగంగా తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు రాలడం కూడా మేము తరచుగా చూసేదే.

ఆమెను ఈ వారంలోనే గైనకాలజిస్టు దగ్గరకు గానీ, మీకు తెలిసిన ఫిజీషియన్ దగ్గరకు గానీ తీసుకువెళ్ళండి. నెలసరి ఆగిందని తెలిస్తే ఇంట్లో పెద్దవాళ్ళు "ఏమైనా విశేషమా" అని అడగడం సహజం. నిజానికి మేము కూడా మొదట చేయించేది గర్భ నిర్ధారణ పరీక్షే. అది కాదని తేలితే థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్, హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ చూస్తాం. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే అది రక్తహీనత, జుట్టు రాలడానికి అదీ ఒక కారణం కావచ్చు. లేచి నిలబడితే కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం, గుండె దడ, తిన్నది కావాలని కక్కేయడం, విరేచనాల మాత్రలు వాడడం వంటివి కనిపిస్తే మాత్రం వారం ఆగవద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

ఆమెతో ఈ విషయం మాట్లాడడం మీకు కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. "తాను తగ్గలేదని అక్కకు కడుపుమంట" అని ఆమె అనుకుంటుందేమోనన్న భయం మీ ఉత్తరంలో లేకపోయినా, మీ మనసులో ఉండవచ్చు. భోజనాల దగ్గర, నలుగురిలో ఈ మాట ఎత్తవద్దు. గట్టు మీద ఇద్దరే ఉన్నప్పుడు, బరువు ఊసే లేకుండా, మీరు చూసినదే చెప్పండి: "రెండు నెలలుగా నీకు నెలసరి రాలేదు, దువ్వెన నిండా జుట్టు వస్తోంది, నాకు భయంగా ఉంది, డాక్టరు దగ్గరకు నేనూ వస్తాను." ఇంత చాలు. ఎన్ని ముద్దలు తిన్నదో లెక్కపెట్టవద్దు, తినమని ఒట్టు పెట్టవద్దు. కాపలా కాసేకొద్దీ ఇటువంటివారు తినకపోవడాన్ని దాచడం నేర్చుకుంటారు. ఆమె మాట వినకపోతే, లేదా తిండి గురించిన ఆలోచన రోజంతా ఆమెను వదలడం లేదని మీకు అనిపిస్తే, మానసిక వైద్య నిపుణుల సాయం కూడా కావాలి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా అందుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక్కడ ఒక పాత పరిశోధనను గుర్తుచేయాలి. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944, 45లలో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు, వారి సమ్మతితోనే, ఆరు నెలలపాటు సగం ఆహారం మాత్రమే ఇచ్చి గమనించాడు. వారికి ఏ మానసిక సమస్యా లేదని ముందే పరీక్షించి తీసుకున్నారు. అయినా నెలలు గడిచేసరికి వారికి తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది, చిరాకు, దిగులు పెరిగాయి, నలుగురితో కలవడం తగ్గిపోయింది. మీ తోడికోడలి దిగులులో కొంత భాగం ఆకలి మాట్లాడిస్తున్నదే కావచ్చునని నేను అనుకోవడానికి కారణం ఇదే. ఆమెకు అద్దం గురించి ధైర్యం చెప్పే ముందు కడుపు నిండా అన్నం పెట్టాలి.

ఇక మీ సంగతి. "మాత్రమే" అన్న మాట మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది. రెండు కిలోలే తగ్గినా జాకెట్లు వదులయ్యాయని మీరే రాశారు. దాని అర్థం, మీ ఒంట్లో కొవ్వు తగ్గుతోంది, కండ నిలుస్తోంది లేదా పెరుగుతోంది. కాటా ఈ రెండింటినీ కలిపి ఒకే అంకెగా చూపిస్తుంది కాబట్టి మీకు జరిగిన మేలు అందులో కనిపించలేదు. పైగా ముందు రోజు ఆవకాయ ఎక్కువ తిన్నా, నెలసరి దగ్గరపడినా ఒంట్లో నీరు చేరి ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ అవుతుంది. రోజూ తూచుకునేవారు ఆ నీటిని చూసి సంతోషించడమో ఏడవడమో చేస్తున్నారన్నమాట. మీరు టేపు తీసుకుని, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక, నెలకు ఒకసారి నడుము కొలుచుకోండి. మన స్త్రీలకు అది 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. అంతకు చాలా పైన ఉన్నా కంగారు వద్దు, కొలత దిగుతూ ఉంటే చాలు.

మీకు అసలు ప్రమాదం బొద్దుగా కనిపించడం వల్ల కాదు, ఆ 6.1 వల్ల. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకూ ఉంటే ప్రీడయాబెటిస్ (మధుమేహానికి ముందు దశ) అంటాం, 6.5 గానీ అంతకు పైన గానీ ఉంటే మధుమేహం. మీ అమ్మగారికి కూడా ఉంది కాబట్టి మీరు సకాలంలోనే మేలుకున్నారు. ఈ సందర్భంలో చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు మీకు తప్పక తెలియాలి. షుగర్ వచ్చే అంచున ఉన్న 531 మందిని మూడేళ్ళ పాటు గమనించారు. ఏ సలహా లేనివారిలో 55 శాతం మందికి మధుమేహం వస్తే, నడక, ఆహారపు మార్పులు పాటించినవారిలో 39 శాతం మందికే వచ్చింది. అన్నిటికంటే ముఖ్యమైనది ఏమిటంటే, వారి బరువు చెప్పుకోదగినంత తగ్గకుండానే ఈ మేలు జరిగింది. మా వైద్యులం కూడా గదిలోకి వచ్చిన ప్రతివారితో "బరువు తగ్గండి" అన్న ఒక్క మాటతో సరిపెడతాం, అది తప్పు. కాటా కదలని రోజుల్లో కూడా మీ నడక మీ రక్తంలో పని చేస్తూనే ఉంది. మీరు మరో మూడు కిలోలు నిదానంగా తగ్గితే ఇంకా మంచిది, దానికి గడువు పెట్టుకోవద్దు.

ఇద్దరూ కలిసే నడిచినా ఫలితం వేరుగా ఎందుకు వచ్చిందన్నది మీ మనసును తొలుస్తున్న ప్రశ్న. ఆమె తగ్గినది నడకతో కాదు, అన్నం మానడంతో. అది పక్కన పెట్టినా, వయసు, వంశం, కాన్పులు, నిద్ర, ఇన్సులిన్ పనిచేసే తీరు ఇద్దరికీ ఒకటి కావు. ఒకే వంటింట్లో తిన్నంత మాత్రాన ఒకే ఒళ్ళు రాదు.

కాబట్టి వంటింటి క్యాలెండరులో బరువుల స్థానంలో వేరే సంగతులు రాయండి: ఆ రోజు నడిచారా లేదా, రాత్రి నిద్ర ఎలా పట్టింది, మేడ మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చిందా. కాటాను అటక మీద పెట్టండి. వారానికి 150 నిమిషాల నుంచి 300 నిమిషాల వరకూ చురుకైన నడక వంటి వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, మీరు ఇప్పటికే 200 నడుస్తున్నారు. వేగం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి గడియారం అక్కరలేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. తోడు ఉన్నవారికే ఈ కొలత కుదురుతుంది. మీ తోడికోడలు మాత్రం పరీక్షలు పూర్తయి డాక్టరు చెప్పేవరకూ వేగం తగ్గించాలి, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమంటే తీసుకోవాలి. ఆ రోజుల్లో మీరు నడిచి వచ్చేసరికి ఆమె కాఫీ కలిపి ఉంచినా అది తోడే.

మీరు వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, గోడకు చేతులు ఆనించి ఒంటిని ముందుకు వెనక్కు తీసుకోవడం పదిసార్లు, ఇలా మూడు విడతలు చేస్తే మొదట్లో సరిపోతుంది. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండే కాబట్టి మీ 6.1కి ఇది మందు లాంటిది. మధ్యాహ్నం, రాత్రి భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు డాబా మీద నడిచినా తిన్న తర్వాత పెరిగే చక్కెర అదుపులో ఉంటుంది.

ఆహారం విషయంలో ఇద్దరికీ ఒకే వంట, కొలతలు వేరు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకారం కిలో బరువుకు రోజుకు సుమారు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి, అంటే మీ తోడికోడలికి కనీసం 42 గ్రాములు. రాత్రి మజ్జిగతో ఆ లెక్క ఎప్పటికీ తేలదు. ఆమె మూడు పూటలా అన్నమో, చపాతీయో, పెసరట్టో తినాలి, పక్కన పప్పు గానీ గుడ్డు గానీ చేప గానీ ఉండాలి. మీకు కంచంలో సగం కూరలు, ఆకుకూరలు. అన్నం ఇప్పుడు తినేదానిలో మూడో వంతు తగ్గించి ఆ మేరకు పప్పు పెంచండి. కూర, పప్పు ముందు కొంత తిన్నాక అన్నం కలుపుకుంటే చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. ఏ పూటా పస్తు ఉండవద్దు.

ఇంట్లోవారి మాటల గురించి నాదొక సూచన. ఎవరి గురించి అన్నారో వారు సమాధానం చెప్పుకోవడం కష్టం, చెప్పినా ఎదురు మాట్లాడినట్టు అవుతుంది. అందువల్ల ఒకరి తరఫున ఒకరు చెప్పండి. అత్తగారు "పెద్దది తగ్గలేదే" అంటే మీ తోడికోడలు, "అక్క షుగర్ రాకుండా చూసుకుంటోంది అత్తయ్యా, మెట్లు నాకంటే తేలిగ్గా ఎక్కుతోంది" అనవచ్చు. ఆమెను నాజూకని మెచ్చుకుంటే మీరు, "దానికి నీరసంగా ఉంటోంది అత్తయ్యా, డాక్టరు దగ్గరకు తీసుకెళ్తున్నాను" అనండి. పెద్దవారు చెడ్డ ఉద్దేశంతో అనడం లేదు. సన్నబడడమంటే ఆరోగ్యమని వారు నమ్ముతున్నారు, ఆమె పరీక్షల ఫలితాలు చూస్తే వారూ కంగారుపడతారు. మీ భర్తలకు కూడా ఈ విషయం తెలియాలి. మీ ఇద్దరి మధ్య కూడా ఒక కట్టుబాటు ఉండాలి: సన్నబడ్డావు, లావయ్యావు అన్న మాటలు ఎవరి గురించీ అనకూడదు, సొంత ఒంటి గురించి కూడా అనకూడదు. మీరు మీ పొట్టను తిట్టుకున్న ప్రతిసారీ, మీకంటే 23 కిలోలు తక్కువున్న ఆమె తన పొట్టను తడుముకుంటుంది.

పెళ్ళికి వెళ్ళకపోవడం గురించి. తగ్గాక కొత్త చీర కట్టుకుందాం, తగ్గాక ఫొటో దిగుదాం అని ఏళ్ళు వాయిదా వేసినవారిని నేను చాలామందిని చూశాను. ఒంటి మీద అసహ్యంతో వ్యాయామం మొదలుపెట్టినవారు అసహ్యం పెరిగిన రోజున అదీ మానేస్తారు. వదులైన జాకెట్లను పిన్నులతో బిగించుకోకుండా, ఈ నెలలోనే ఇప్పటి కొలతలతో రెండు కొత్తవి కుట్టించుకోండి. అద్దం చూడలేకపోవడం, నలుగురిలోకి వెళ్ళలేకపోవడం రెండు వారాలు దాటి కొనసాగి, నిద్ర, ఆకలి కూడా దెబ్బతింటే అది కుంగుబాటు కావచ్చు. ఆమె గురించి చెప్పిన 14416 మీకూ పనికివస్తుంది.

మీ చివరి పరీక్ష జరిగి నాలుగు నెలలైంది కాబట్టి హెచ్‌బీఏ1సీ ఇప్పుడే మళ్ళీ చేయించుకోవచ్చు. దానితో పాటు బీపీ, కొలెస్ట్రాల్, థైరాయిడ్ కూడా చూపించండి. ఇద్దరూ ఒకే రోజు రక్తం ఇచ్చి రండి, ఒకరి కాగితాలు ఒకరు చదవండి. ఫలితాలు వచ్చాక, ఆమెకు నెలసరి మళ్ళీ మొదలైందో లేదో కూడా కలిపి నాకు రాయండి.