స్పెయిన్ పిస్టళ్లన్నీ నాసిరకమేనా? ఎయిబార్‌లో నేను తెలుసుకున్నది

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ సైన్యం వాడిన స్పెయిన్ రూబీ పిస్టళ్లు చెత్త అంటారు, అక్కడి తయారీ అంతా అంతేనా అని అడిగారు. కానే కాదు. తప్పు పనివాళ్లది కాదు, ఆర్డర్ పంచిన పద్ధతిది. హైదరాబాద్ బాలానగర్ ఫ్యాక్టరీల్లో పద్దెనిమిదేళ్లు క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేసినవాణ్ని, ఈ మాట గట్టిగా చెప్పగలను.

మా కంపెనీ కొన్న గ్రైండింగ్ మెషిన్‌ను పంపే ముందు పరీక్షించి రమ్మని నన్ను స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలోని ఎల్గోయిబార్‌కి పంపారు. మధ్యలో ఒకరోజు సెలవు దొరికితే రైలెక్కి పక్కనే ఉన్న ఎయిబార్‌కి వెళ్లాను. రెండు కొండల మధ్య ఇరుకు లోయ. చదును నేల లేక ఫ్యాక్టరీలను కూడా అంతస్తుల మీద అంతస్తులు కట్టుకున్నారు. అక్కడ ఆయుధ పరిశ్రమకే ఒక మ్యూజియం ఉంది. అద్దాల వెనక రూబీలు చూస్తూ నిలబడితే ఒక పెద్దాయన పలకరించాడు. పిస్టళ్ల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడట. ఆయనకి ఇంగ్లిష్ రాదు, నాకు స్పానిష్ రాదు. ఫోన్‌లో అనువాదం పెట్టుకున్నాం, కాసేపటికి దాని అవసరమే లేకపోయింది.

నా టికెట్ వెనక పెన్నుతో పిడి బొమ్మ గీశాడు. రూబీ మ్యాగజైన్‌ని పట్టుకునే కొక్కెం పిడి అడుగున ఉంటుంది. అది పట్టుకునే అంచు ఒక వెంట్రుకవాసి పైకో కిందికో ఉందంటే మ్యాగజైన్ పూర్తిగా కూర్చోదు, లేదా జారి కింద పడుతుంది. గాల్లో చెయ్యి ఆడిస్తూ ఆకురాయితో రాసినట్టు చూపించి, ఆగి, మళ్లీ రాసినట్టు చూపించాడు. నాకు ఒళ్లు జలదరించింది. మా షెడ్లలో ఫిట్టర్లు చేసేది సరిగ్గా అదే.

జరిగింది ఇదీ. బ్రౌనింగ్ 1903 నమూనా చూసి గాబిలోండో కంపెనీ 1914లో రూబీ తెచ్చింది. 7.65 మిల్లీమీటర్లు, తొమ్మిది తూటాల మ్యాగజైన్. 1915లో ఫ్రాన్స్ నెలకి 10,000 అడిగింది, కొద్దికాలానికే 30,000 అంది. ఒక్క కంపెనీ వల్ల కాక పనిని బయటికిచ్చారు. చివరికి నలభైకి పైగా కంపెనీలు అదే పిస్టల్ చేశాయి, ఎవరి కొలత వాళ్లదే. ఒకరి మ్యాగజైన్ ఇంకొకరి పిస్టల్లో పట్టదు. అందుకే పిడి మీద, మ్యాగజైన్ అడుగున తయారీదారు అక్షరాలు కొట్టించాల్సి వచ్చింది. కందకాల్లో ఉన్న సైనికుడు అక్షరాలు వెతుక్కోవాలా చెప్పండి!

మా దగ్గరా ఇదే చూశాను. ఒక కస్టమర్ ఆర్డర్ రెట్టింపు చేస్తే మా ఓనర్ ఆరు షెడ్లకి జాబ్ వర్క్ ఇచ్చాడు. డ్రాయింగ్ ఆరుగురికీ అందింది, కొలత సరిచూసే గేజ్ మాత్రం ఒక్కటే. మేం చేసిన బుష్‌లు, అంటే ఇరుసు తిరిగే చిన్న లోహపు గొట్టాలు, సగం తిరిగొచ్చాయి. తిట్లు ఎవరికి? ఫిట్టర్లకి! ఆ కుర్రాళ్ల చేతిపని నాకు తెలుసు, ఇప్పటికీ ఆ కోపం పోలేదు. గేజ్ కొనడానికి డబ్బుండదు, రిజెక్షన్ భరించడానికి మాత్రం ఉంటుంది.

అదే ప్రాంతం వాళ్లు తీరిగ్గా, ఒకే కప్పు కింద చేస్తే ఏమైందో చూడండి. గెర్నికాలో చేసిన ఆస్ట్రా 400ని 1921లో స్పెయిన్ సైన్యం తీసుకుంది. పేలేటప్పుడు గొట్టాన్ని, వెనక్కి జరిగే పైభాగాన్ని (స్లయిడ్) కలిపి బిగించే లాకింగ్ లేకుండా, బరువైన స్లయిడ్, గట్టి స్ప్రింగుతోనే బలమైన 9 మిల్లీమీటర్ల లార్గో తూటా దెబ్బని తట్టుకుంటుంది. దాని తమ్ముడు ఆస్ట్రా 600ని రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ పదివేలకు పైగా తీసుకుంది. నాసిరకమైతే అంత కొంటారా? స్పెయిన్ అంతర్యుద్ధం తర్వాత అక్కడ పిస్టళ్లు చేసే అనుమతి ఆస్ట్రా, స్టార్, యామా అనే మూడు కంపెనీలకే మిగిలింది. 1997లో ఆస్ట్రా, స్టార్ రెండూ మూతపడ్డాయి. ఆ సంవత్సరం పేరెత్తగానే పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు, నేనింకేమీ అడగలేదు.

ఆ ఊళ్లో చేతిపని మాత్రం తుపాకులతోనే ఆగిపోలేదు. ఎయిబార్ తుపాకుల కార్మికులు 1920లో పెట్టుకున్న ఆల్ఫా సహకార సంఘం రివాల్వర్ల నుంచి కుట్టుమిషన్లకి మారింది. ఇవాళ సైకిళ్లకి పేరున్న ఓర్బియా, బీహెచ్ కూడా మొదట తుపాకుల కంపెనీలే.

మర్నాడు ఎల్గోయిబార్‌లో మెషిన్ మీద వరసగా ఇరవై ముక్కలు తీయించి కొలిచాను. ఒక్కదానికీ ఒక్కదానికీ తేడా రెండు మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) దాటలేదు. సంతకం పెట్టి వచ్చేశాను.