జెఫ్ బక్లీ పాటలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికన్ రాక్ గాయకుడు జెఫ్ బక్లీ 1997 మే 29న మెంఫిస్‌లో వుల్ఫ్ నది పాయలో బట్టలతోనే ఈతకు దిగి మునిగిపోయాడు. అది ప్రమాదమేనని తేల్చారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు, బయటికొచ్చిన పూర్తి ఆల్బమ్ ఒక్కటే. ఈ మధ్య ఆయన పాటలు వింటున్నవాళ్లు, గిటార్ మీద పట్టుకోవాలని చూస్తున్నవాళ్లు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇవీ జవాబులు.

ప్రశ్న: రీల్స్‌లో ఒక పాట విని ఈయన గురించి వెతికితే యాప్‌లో బోలెడు ఆల్బమ్‌లు కనిపిస్తున్నాయి. బతికుండగా వచ్చింది ఒక్కటే అంటున్నారు. మరి ఇవన్నీ ఏమిటి? ఏది ముందు వినాలి? (హైదరాబాద్)

ముందు ‘గ్రేస్’. 1994 ఆగస్టులో వచ్చింది. పది పాటలు, దాదాపు 52 నిమిషాలు. ఏ పాట ఉండాలో, దేని తర్వాత ఏది రావాలో బక్లీ బతికుండగా ఖాయమైన పూర్తి ఆల్బమ్ ఇదొక్కటే. యాప్‌లో షఫుల్ తీసేసి మొదటి నుంచి చివరి దాకా ఒకేసారి వినండి. ‘కార్పస్ క్రిస్టీ కారల్’ దాదాపు గుసగుసలా సాగి ఆగగానే ‘ఎటర్నల్ లైఫ్’ గిటార్లు మీద పడతాయి. షఫుల్‌లో వింటే ఆ దెబ్బ తెలియదు.

మీ యాప్‌లో పదకొండో పాటగా ‘ఫర్గెట్ హర్’ కనిపిస్తే అది తర్వాత చేర్చినది. ‘గ్రేస్’ కోసమే రికార్డు చేసి, బక్లీయే పక్కన పెట్టి, దాని చోట ‘సో రియల్’ పెట్టాడు. 2004లో ప్రత్యేక ముద్రణ వచ్చినప్పుడు అది అధికారికంగా బయటికొచ్చింది. పాట బాగానే ఉంటుంది, కానీ ‘డ్రీమ్ బ్రదర్’ ఆగిన చోట ఆల్బమ్ అయిపోయిందనుకుని ఆపేయండి.

రెండోది ‘లైవ్ ఎట్ షినే’. న్యూయార్క్ ఈస్ట్ విలేజ్‌లోని చిన్న కాఫీ హోటల్లో ఒక్కడే గిటార్ పట్టుకుని పాడినది. 1993లో నాలుగు పాటలతో వచ్చింది. 2003లో రెండు సీడీలుగా, పాటల మధ్య కబుర్లతో సహా వచ్చింది. మీకు కావలసింది ఆ రెండోది.

మూడోది ‘స్కెచెస్ ఫర్ మై స్వీట్‌హార్ట్ ద డ్రంక్’, 1998. దీని దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. బక్లీ అనుకున్న పేరులో ‘స్కెచెస్’ లేదు. ఇవి పూర్తయిన పాటలు కావని తెలియడానికి తర్వాత చేర్చారు. మొదటి సీడీలో ఎక్కువగా గిటారిస్టు టామ్ వెర్లేన్ నిర్మాణంలో బ్యాండ్‌తో చేసినవి ఉంటాయి. వాటితో బక్లీకి తృప్తి కలగలేదు, మళ్లీ రికార్డు చేద్దామనే అనుకున్నాడు. రెండో సీడీలో మెంఫిస్ ఇంట్లో నాలుగు ట్రాకుల యంత్రం మీద ఒక్కడే చేసుకున్న చిత్తుప్రతులు ఎక్కువ. బ్యాండ్ మెంఫిస్‌కు వచ్చి చేరాల్సింది ఆయన మునిగిపోయిన ఆ సాయంత్రమే. కాబట్టి రెండో సీడీ వింటూ గొంతు దూరంగా ఉందేమిటి, బరబర శబ్దమేమిటి అనుకోవద్దు. అది బ్యాండ్‌కు వినిపించడానికి చేసుకున్న సరుకు. మొదటి సీడీలోని ‘ఎవ్రీబడీ హియర్ వాంట్స్ యూ’తో మొదలుపెట్టండి.

2016లో వచ్చిన ‘యూ అండ్ ఐ’ని కొత్త ఆల్బమ్ అనుకునేవాళ్లున్నారు. అవి 1993 నాటివి, రికార్డు కంపెనీలో చేరిన కొత్తలో స్టూడియోలో పాడి చూసుకున్నవి, ఎక్కువగా ఇతరుల పాటలు. దాన్ని చివరికి ఉంచుకోండి.

ప్రశ్న: ‘హల్లెలూయా’ గిటార్ మీద వాయిస్తున్నాను. ఇంటర్నెట్‌లో దొరికిన కార్డులే వేస్తున్నా ఆ పాటలా వినిపించదు. ఏం తప్పు చేస్తున్నాను? (విజయవాడ)

కార్డులు సరైనవే అయ్యుంటాయి. తేడా మూడు చోట్ల వస్తుంది: కేపో (గిటార్ మెడ మీద తీగలన్నిటినీ ఒకే చోట నొక్కి పట్టే క్లిప్పు), లెక్క, ఒక్క స్వరం.

పాట సి మేజర్‌లో ఉంటుంది. నేరుగా సి, ఎ మైనర్ పట్టుకుంటే మందంగా వస్తుంది. కేపో ఐదో ఫ్రెట్‌కు (గిటార్ మెడ మీది మెట్టుకు) పెట్టి జి, ఇ మైనర్ ఆకారాలు పట్టుకోవాలి. అప్పుడు తెరిచిన తీగలు ఎక్కువై, స్వరాలు ఒకదాని మీద ఒకటి మోగుతూ ఉంటాయి. కేపో ఐదో ఫ్రెట్ లోహపు కడ్డీకి ఆనీ ఆనకుండా, దాని వెనకే ఉండాలి. నడిమధ్యన పెట్టి గట్టిగా బిగిస్తే తీగలు సాగి శ్రుతి పైకి పోతుంది. కేపో పెట్టాకే మళ్లీ శ్రుతి చూసుకోండి. ముఖ్యంగా మూడో తీగ, ఎక్కువగా అదే తప్పుతుంది.

ఇక లెక్క. ఒక్కో కార్డుకు ఆరు మాత్రలు. బొటనవేలితో లావు తీగ మీటి, మిగతా వేళ్లతో ఒక్కో తీగను పైకి, మళ్లీ కిందికి మీటాలి. ప్లెక్ట్రమ్‌తో (తీగలు మీటే చిన్న బిళ్లతో) అన్ని తీగలూ కలిపి గీస్తే పాట చచ్చిపోతుంది. చరణం ఇలా నడుస్తుంది: జి, ఇ మైనర్, జి, ఇ మైనర్, తర్వాత సి, డి, జి, డి. ఇవన్నీ ఆరేసి మాత్రలు. ఆ తర్వాతి పాదంలో జి ఆరు, సి మూడు, డి మూడు, ఇ మైనర్ ఆరు, సి ఆరు, డి ఆరు, బి సెవెన్ ఆరు, చివర ఇ మైనర్ పన్నెండు. ఆ సి, డి మూడేసి మాత్రలన్న సంగతి చూసుకోక చాలామంది అక్కడ తడబడతారు. ఆ చోట పాట మాటలే కార్డుల పేర్లు చెబుతాయి: నాలుగోది, ఐదోది, మైనర్‌కు దిగడం, మేజర్‌కు లేవడం. గిటార్ కూడా సరిగ్గా అవే వాయిస్తుంది. మాట, కార్డు ఒకే మాత్ర మీద పడకపోతే వినేవాళ్లకు ఏదో తేడా కొడుతుంది.

మూడోది బి సెవెన్. కొత్తవాళ్లు దీని బదులు బి మైనర్ వేసేస్తారు, లేదా వేలు సరిగా ఆనక నాలుగో తీగ మూగబోతుంది. ఆ తీగ మీద, కేపో తర్వాతి ఫ్రెట్‌లో మోగేదే ఈ చరణానికి ప్రాణం. కర్ణాటక సంగీతం తెలిసినవారికి చెప్పాలంటే, అప్పటిదాకా శంకరాభరణం స్వరాల్లోనే నడుస్తున్న పాటలోకి శుద్ధ ధైవతం వచ్చి పడి, తర్వాతి కార్డులో చతుశ్రుతి ధైవతానికి ఎక్కుతుంది. ఆ ఎక్కడం వినపడాలి. ఒక్క బి సెవెన్ నుంచి ఇ మైనర్‌కు మారడమే ఓ పది నిమిషాలు సాధన చేయండి. ప్రతి తీగా విడిగా మోగుతోందో లేదో చూసుకోండి.

ధ్వని విషయానికొస్తే, బక్లీ వాయించింది ఎలక్ట్రిక్ గిటార్ మీద. స్నేహితురాలి దగ్గర తీసుకున్న 1983 నాటి ఫెండర్ టెలికాస్టర్ ఆయన ముఖ్యమైన గిటార్. మీ దగ్గర ఎలక్ట్రిక్ ఉంటే డిస్టార్షన్ (ధ్వనిని గరగరలాడించే ఎఫెక్ట్) పూర్తిగా తీసేయండి. మెడ వైపు పికప్ (తీగల ధ్వనిని పట్టే భాగం) వాడండి. రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టుండే ప్రతిధ్వని) మూడు నుంచి నాలుగు సెకన్లు, మోతాదు 30 శాతం దగ్గర పెట్టి చూడండి. రివర్బ్‌లోకి వెళ్లే మంద్ర ధ్వనిని 200 హెర్ట్జ్ కింద కోసేయాలి. లేకపోతే బొటనవేలి తీగలు గుయ్యిమని కలగాపులగమైపోతాయి. అకౌస్టిక్ అయితే కొత్త తీగలు వేయండి. ఆరు నెలల నాటి తుప్పు తీగలతో ఐదో ఫ్రెట్ కేపో వేస్తే టప్ టప్‌మనడం తప్ప మోగదు.

గొంతుకు ఎత్తుగా ఉంటే ఆకారాలు మార్చొద్దు. కేపోను మూడో ఫ్రెట్‌కో రెండో ఫ్రెట్‌కో జరిపితే చాలు. వేళ్లు ఎలా కదులుతున్నాయో చూడాలంటే 1995 మేలో షికాగోలో చిత్రీకరించిన ‘లైవ్ ఇన్ షికాగో’ చూడండి.

ప్రశ్న: ఆ పాటనే క్రిస్మస్‌కు మా చర్చి యువతతో పాడించవచ్చా? (గుంటూరు)

వద్దనే మా మాట. దావీదు, బత్షెబ, సమ్సోను ప్రస్తావనలు ఉన్నా అది స్తుతి గీతం కాదు. కోరిక, ఓటమి, విడిపోవడం గురించిన పాట. పల్లవిలో ఒకే మాట పదే పదే వస్తుంది కాబట్టి స్తుతి గీతంలా అనిపిస్తుందంతే. చరణాలు చదివాక మీ సంఘ పెద్దలు ఒప్పుకోవడం కష్టం. పాట రాసింది కెనడా కవి లెనర్డ్ కోహెన్, 1984లో. బక్లీ అనుసరించింది 1991లో జాన్ కేల్ పాడిన తీరును.

ప్రశ్న: బతికున్నప్పుడు పెద్దగా అమ్ముడుపోలేదట. మరి ఎప్పుడు, ఎలా పేరొచ్చింది? (వరంగల్)

‘గ్రేస్’ అప్పట్లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 149వ స్థానం దాటి పైకి వెళ్లలేదు. ఆ రోజుల్లో రాక్ రేడియో అంతా గ్రంజ్ (మోటు గిటార్ల రాక్) మోత. ఈయన ఆల్బమ్‌లో ఒక పాట రాక్, ఒకటి 1950ల నాటి పాత పాట, ఒకటి పదహారో శతాబ్దపు పద్యానికి ఇంగ్లిష్ స్వరకర్త బెంజమిన్ బ్రిటన్ కట్టిన బాణీ. ఏ స్టేషన్ వేస్తుంది? అయితే తోటి సంగీతకారులు అప్పుడే పట్టించుకున్నారు.

జనంలోకి తెచ్చింది టీవీ. 2008 మార్చిలో అమెరికన్ ఐడల్‌లో ఒక పోటీదారు ‘హల్లెలూయా’ పాడగానే జనం బక్లీ పాటను వెతికి కొనుక్కున్నారు, డిజిటల్ అమ్మకాల్లో మొదటి స్థానానికి వెళ్లింది. అదే ఏడాది డిసెంబరులో బ్రిటన్‌లో ఎక్స్ ఫ్యాక్టర్ విజేత అలెగ్జాండ్రా బర్క్ పాడిన అదే పాట మొదటి స్థానంలో ఉంటే, పోయి పదకొండేళ్లయిన బక్లీ రెండో స్థానంలో ఉన్నాడు. ఎక్స్ ఫ్యాక్టర్ పాట నచ్చనివాళ్లు పనిగట్టుకుని బక్లీది కొన్నారు. ఇదొక రకం అభిమానం! ఆ జనంలో చాలామంది ఒక్క పాట దగ్గరే ఆగిపోయారు. ఇప్పటి కుర్రకారు ‘లవర్, యూ షుడ్ హావ్ కమ్ ఓవర్’ నుంచి మొదలుపెట్టి ఆల్బమ్ మొత్తానికి వస్తున్నారు. ఇదే నయం. 2025లో ఎమీ బర్గ్ తీసిన డాక్యుమెంటరీ కూడా వచ్చింది.

ప్రశ్న: నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాలీ ఈయన పాడాడని మా స్నేహితుడంటే నమ్మలేదు. నిజమేనా? (నిజామాబాద్)

నిజమే. పైన చెప్పిన ‘లైవ్ ఎట్ షినే’ 2003 ముద్రణలో ‘యే జో హల్కా హల్కా సురూర్ హై’ ఉంది. దానికి ముందున్న కబుర్ల ట్రాకు పేరే ‘నుస్రత్, హీ ఈజ్ మై ఎల్విస్’. నాలుగు పాటల పాత ముద్రణలో ఇవి లేవు, కొనేటప్పుడు చూసుకోండి. వెనక ఖవ్వాలీ బృందం లేదు, వాళ్ల చప్పట్లు లేవు. ఖవ్వాలీలో పదిమంది చేసే పని ఒక్కడే మోస్తున్నాడు. అది నుస్రత్‌కు సాటి రాదు, వచ్చిందని బక్లీ కూడా అనుకుని ఉండడు. ఆ మోజు సొంత పాటల్లో ఎక్కడ పనిచేసిందో వినడమే అసలు పని. ‘గ్రేస్’ పాట చివర్లో, ‘మోజో పిన్’లో మాటలు వదిలేసి గొంతుతో స్వరం మీదుగా స్వరానికి జారడం గమనించండి.

ఇద్దరూ కలిసి మాట్లాడుకున్నారు కూడా. నుస్రత్‌ను బక్లీ చేసిన ఇంటర్వ్యూ ‘ఇంటర్వ్యూ’ అనే పత్రికలోనే 1996లో వచ్చింది. బక్లీ పోయిన మూడు నెలలలోపే, ఆగస్టు 16న నుస్రత్ కూడా పోయారు.

మన చెవికి ఇంకో రెండు ఆనవాళ్లు దొరుకుతాయి. ‘లవర్’ పాట మొదట్లో మోగేది హార్మోనియమే, బక్లీ వాయించినదే. ‘డ్రీమ్ బ్రదర్’లో మీషా మసూద్ తబలా ఉంది. అది డ్రమ్స్‌లో కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఫోన్ స్పీకర్‌లో దొరకదు, హెడ్‌ఫోన్లు పెట్టుకోండి.

ప్రశ్న: ‘లాస్ట్ గుడ్‌బై’ మొదట్లో వచ్చే ఆ జారుడు శబ్దం మామూలు ట్యూనింగ్‌లో రావడం లేదు. (విశాఖపట్నం)

రాదు. అది ఓపెన్ జి ట్యూనింగ్. లావు తీగ నుంచి డి, జి, డి, జి, బి, డి. అంటే ఆరో తీగ, ఐదో తీగ, ఒకటో తీగ ఒక్కో స్వరం కిందికి దించాలి, మిగతా మూడూ ముట్టుకోవద్దు. దించేటప్పుడు కావలసినదానికన్నా ఇంకాస్త కిందికి పోయి, అక్కడి నుంచి పైకి బిగిస్తూ రండి. పైనుంచి దించి వదిలేస్తే వాయిస్తుండగానే శ్రుతి జారిపోతుంది. స్లైడ్‌ను (వేలికి తొడుక్కుని తీగల మీద జరిపే గొట్టాన్ని) ఫ్రెట్ల మధ్యలో కాకుండా సరిగ్గా ఫ్రెట్ కడ్డీ మీద ఉంచాలి, తీగను కిందికి నొక్కకూడదు. నొక్కితే టకటకమంటుంది. స్లైడ్ వెనక మరో వేలిని తీగల మీద తేలికగా ఆనిస్తే అనవసరపు మోత పోతుంది.

ప్రశ్న: ఆయనలా పైస్థాయిలో పాడబోతే గొంతు బొంగురుపోతోంది. సాధనతో వస్తుందా? (కాకినాడ)

కొంత వస్తుంది. అరిచి అందుకోవాలని చూస్తున్నారు కాబట్టే బొంగురు. ఆయన పై స్వరాల్లో చాలా వరకు గట్టిగా పాడినవి కావు, ఊపిరి తగ్గించి పలుచగా పాడినవి. ‘కార్పస్ క్రిస్టీ కారల్’ మొత్తం అలాగే ఉంటుంది. ముందు అదే బాణీని మీకు వీలైన శ్రుతిలో, గదిలో పక్కవాళ్లకు మాత్రమే వినపడేంత చిన్నగా పాడి చూడండి. ‘గ్రేస్’ చివర అరుపుల జోలికి ఇప్పుడే పోవద్దు. బొంగురు మర్నాటికీ తగ్గకపోతే పాడటం ఆపి గొంతుకు విశ్రాంతి ఇవ్వండి. రెండు మూడు వారాలు అలాగే ఉంటే చెవి ముక్కు గొంతు డాక్టర్‌కు చూపించాలి.

ప్రశ్న: ‘గ్రేస్’ ఎల్‌పీ కొనాలనుకుంటున్నాను. సీడీ కన్నా బాగుంటుందా? (డాలస్)

ఈ ఆల్బమ్‌కు అంత తేడా ఆశించకండి. 52 నిమిషాలు ఒకే డిస్కు మీద అంటే ఒక్కో వైపు 26 నిమిషాలు. ఎల్‌పీకి 20, 22 నిమిషాలు దాటితే గాడులు ఇరుకై, ధ్వని స్థాయి తగ్గించి కోయాల్సి వస్తుంది. దాంతో మెల్లని చోట్ల సూది బరబర పైకి తేలుతుంది. ప్రతి వైపూ చివరి పాట, కేంద్రానికి దగ్గరగా ఉండడం వల్ల, స-శ ధ్వనుల్లో చీలినట్టు వినిపించవచ్చు. మెల్లని చోట్లు ఎక్కువున్న ఆల్బమ్ కాబట్టి మా ఓటు సీడీకే. అట్ట బొమ్మ పెద్దదిగా కావాలంటే మాత్రం ఎల్‌పీ కొనుక్కోండి.