శనివారం నిశ్చితార్థానికి యూదు స్నేహితుడు రావచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి నిశ్చితార్థం డిసెంబరు మొదటి వారంలో, శనివారం ఉదయం తొమ్మిదింటికి. వాడితో పనిచేసే ఇజ్రాయెల్ స్నేహితుడు అప్పటికి వైజాగ్‌లోనే ఉంటాడు. ఆచారాలు గట్టిగా పాటించే మనిషి. ఆ రోజు వాళ్లకి పనులు నిషేధం కదా, పిలిస్తే ఇబ్బంది పెట్టినట్టవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ముహూర్తం మార్చుకోవాలా? అసలు వాళ్లు శనివారం నిశ్చితార్థాలు చేసుకోరా?
- ఒక తల్లి, సీతమ్మధార

జవాబు: ముహూర్తం మార్చకండమ్మా, అతన్ని తప్పకుండా పిలవండి. షబ్బాత్, అంటే వాళ్ల వారపు విశ్రాంతి దినం, శుక్రవారం పొద్దు గుంకకముందే మొదలై శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా ఉంటుంది. అది మంచి బట్టలు కట్టుకుని, అందరూ కలిసి భోంచేసి సంతోషంగా గడిపే రోజు. నిషేధమల్లా పనుల మీదే. మిష్నా అనే వాళ్ల పాత ధర్మ గ్రంథంలో 39 రకాల పనులు చెప్పారు: విత్తడం, రొట్టె కాల్చడం, ముడి వేయడం, రెండక్షరాలు రాయడం, నిప్పు వెలిగించడం, వస్తువుని ఇంట్లోంచి వీధిలోకి మోసుకెళ్లడం, ఇలాంటివి. కారెక్కకపోవడం, ఫోను ముట్టుకోకపోవడం కూడా ఈ నియమాలను బట్టే.

ఇక వాళ్ల నిశ్చితార్థాల సంగతి. షబ్బాత్ రోజున కిద్దుషీన్ చేయకూడదని మిష్నాలోనే ఉంది. కిద్దుషీన్ అంటే ఇద్దరు సాక్షుల ముందు వరుడు వధువుకి ఉంగరం లాంటి విలువైన వస్తువు ఇవ్వడం, దానితో చట్టరీత్యా బంధం ఏర్పడిపోతుంది, తెంచాలంటే విడాకులే కావాలి. అలాంటి చోట ఎవరో ఒకరు పత్రం రాసేస్తారేమోనన్న జాగ్రత్తతో పెద్దలు వద్దన్నారని, మిష్నా మీద చర్చలున్న తాల్ముద్ గ్రంథం చెబుతుంది. కానీ సంబంధం గురించి మాట్లాడుకోవడం? పాతకాలపు ధర్మ పండితుల్లో షమ్మాయి వర్గం అదీ వద్దంది, హిల్లేల్ వర్గం ఒప్పుకుంది, చివరికి హిల్లేల్ మాటే నిలిచింది. పిల్లల పెళ్లి మాటలు సొంత వ్యాపారం లెక్కలోకి రావు, పుణ్యకార్యం కిందికే వస్తాయి. నాకు బాగా నచ్చింది 16వ శతాబ్దంలో పోలండ్‌లోని క్రాకోలో జరిగిన సంగతి. కట్నం గొడవతో ఒక అనాథ పిల్ల పెళ్లి శుక్రవారం చీకటి పడేదాకా ఆగిపోతే, ఆ పిల్లకి అవమానం జరగకూడదని మోషే ఇస్సెర్లెస్ అనే గొప్ప ధర్మవేత్త ఆ రాత్రే పెళ్లి చేయించి, ఎందుకు చేశానో వివరంగా రాసిపెట్టాడు. నియమం తెలిసినవాడు మనిషిని కూడా చూశాడు.

అన్నట్టు, మనం శుభకార్యానికి వద్దనుకునే మంగళవారం వాళ్లలో చాలామందికి మంచి రోజు. సృష్టి కథలో దేవుడు 'మంచిది' అని రెండుసార్లు చూసింది ఆ రోజే.

మీరు చేయాల్సింది కొంచెమే. హాలుకి నడిచి రాగలిగే దూరంలో, కింది అంతస్తులో శుక్రవారం మధ్యాహ్నానికే గది ఇప్పించండి, డిసెంబరు మొదట్లో మనకి ఐదున్నర లోపే పొద్దు గుంకుతుంది. అతను చేతిలో గిఫ్ట్ లేకుండా వస్తే ఏమీ అనుకోకండి, వీధిలో మోసుకురాకూడదు కాబట్టే. మైకు ఇవ్వకండి, సంతకం అడగకండి, పూజ దగ్గర కూర్చోమని బలవంతపెట్టకండి. భోజనం దగ్గర కూడా పట్టుబట్టకండి, వాళ్ల ఆహార నియమాలు వేరు, ఏం తినగలడో ముందే అబ్బాయి చేత అడిగించండి. చీకటి పడి చుక్కలు కనబడ్డాక, ఆరుంపావు దాటాక అనుకోండి, కారు పంపి ఇంటికి పిలిపించుకోండి. ఫొటోలు, గిఫ్టులు అన్నీ అప్పుడు.